స్టోర్ రూమ్ తాళం

మా ట్రైనింగ్ సెంటర్లో నోటీసు బోర్డు ఆఫీసు గది తలుపు వెనకాల ఉంటుంది. తలుపు తెరిస్తే బోర్డు దాని చాటుకి పోతుంది, మూస్తేనే కనపడుతుంది. పగలంతా ఆ తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి బోర్డు చదివిన పాపాన ఎవరూ పోలేదు. పోయిన శ్రావణంలో ఒకరోజు ఫోన్ వస్తే, మిషన్ల చప్పుడు పడలేక లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. మాట్లాడుతూ చూస్తే బోర్డు మీద ఒక కాగితం. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం, 2013. అంతర్గత ఫిర్యాదుల కమిటీ. కింద ఐదు పేర్లు. రెండో పేరు నాది.

ఆ కమిటీలో నేనున్నట్టు నాకే తెలీదు. మొదటి పేరు, అంటే కమిటీకి పెద్ద, ఆ మేడమ్ ఉద్యోగం మానేసి బళ్ళారి వెళ్ళిపోయి అప్పటికే ఏడాదిన్నర. నవ్వొచ్చింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరికీ చెప్పి నవ్వించాను కూడా. ఇంకో రెండు నెలలకి అదే కాగితం గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

ముందే ఒక మాట. కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. ఫిర్యాదు చేసిన మనిషి ఎవరో, విచారణలో ఎవరేం చెప్పారో బయటపెట్టకూడదని ఆ చట్టంలోనే ఉంది. న్యాయం జరిగిన సంగతి మాత్రం, ఆనవాలు తెలియకుండా చెప్పుకోవచ్చు. ఆ పిల్లని అడిగే రాస్తున్నాను. నీ గురించి రాస్తానంటే, "నా కుట్టు బాగుంటుందని కూడా రాయి" అని సైగ చేసింది. బాగుంటుంది. నాకంటే బాగుంటుంది.

నాది రాయదుర్గం. పధ్నాలుగేళ్ళు జీన్స్ ప్యాంట్లు కుట్టాను. పీసు లెక్కన కూలి. జేబులు కుట్టేవాళ్ళు జేబులే, జిప్పు కుట్టేవాళ్ళు జిప్పే. కటింగ్ టేబుల్ దగ్గరికి ఒంటరిగా పోవద్దని పెద్దోళ్ళు చిన్నోళ్ళకి చెవిలో చెప్పేవాళ్ళు. మా కాలంలో సేఫ్టీ ట్రైనింగ్ అంటే అదే. చెవిలో చెప్పేది. ఇప్పుడు అనంతపురంలో టైలరింగ్ నేర్పించబట్టి తొమ్మిదేళ్ళు. హాస్టల్‌తో సహా మూడు నెలల కోర్సు. ఉరవకొండ, కళ్యాణదుర్గం, బెళుగుప్ప, కుందుర్పి వైపు నుంచి వస్తారు. చెనిక్కాయ పంట పోయిన ఏడు బ్యాచ్ తొందరగా నిండుతుంది, చెప్పుకోవడానికి బాధగా ఉన్నా అది నిజం. ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు దివ్యాంగులుంటారు. పోయిన బ్యాచ్‌లో ఈ పిల్ల. పుట్టుకతోనే వినపడదు. వయసు ఇరవై నాలుగు. అందరూ "మూగపిల్ల" అనేవాళ్ళు. మొదటి వారం నేనూ అదే అన్నాను.

జీన్స్ గుడ్డ మీద మొద్దుబారిన సూదితో కుడితే ఎట్లుంటుందో కుట్టినవాళ్ళకి తెలుసు. సూది గుడ్డలో దిగేటప్పుడు టప్ టప్‌మని శబ్దం వస్తుంది. కింద బాబిన్ దారాన్ని అందుకోవాల్సిన చోట పైదారం ఉచ్చు సరిగా పడదు, అక్కడొకటి ఇక్కడొకటి కుట్టు వదిలేస్తుంది. దసరా సెలవుల తర్వాత ఈ పిల్ల కుట్లు వదిలేయడం మొదలుపెట్టింది. అంతకుముందు స్కేలు పెట్టి గీసినట్టు కుట్టేది. శబ్దం తనకి వినపడదు సరే, కానీ గుడ్డ మీద ఉన్న చేతికి ఆ అదురు తెలుస్తుంది. తెలిసీ కుడుతోంది. దగ్గరికి పోయి చూస్తే మిషన్‌కి 14 నంబర్ సూది. జీన్స్‌కి 16 ఉండాలి. పైగా మొన వంగి ఉంది. "సూది మార్చుకోలేవా?" అని విసుక్కున్నాను. తల ఊపింది. మర్నాడు మళ్ళీ అదే సూది. ఆ పక్క రోజు పక్క మిషన్ పిల్ల పాత సూది అడిగి పెట్టుకుంది. నేను గుడ్డ పాడుచేస్తోందని రాసుకున్నానే తప్ప, కొత్త సూది ఎందుకు తెచ్చుకోదు అని ఆలోచించలేదు.

కొత్త సూది స్టోర్లో ఇస్తారు. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పద్ధతి అది, మేమూ అదే అలవాటు చేస్తాం. సూది విరిగితే ముక్కలన్నీ వెతికి తీసుకుపోయి చూపిస్తేనే కొత్తది. ఒక్క ముక్క బట్టలో ఉండిపోతే తొడుక్కున్న చంటిబిడ్డకి గుచ్చుకుంటుంది కదా. కాబట్టి సూది కావాలన్నా, దారం కావాలన్నా, జిప్పు కావాలన్నా స్టోర్‌కి పోవాల్సిందే. స్టోర్ తాళం ఒకే మనిషి దగ్గర. లోపల గడియ కూడా ఉంది.

ఆ యప్ప చాలా మంచోడని పేరు. నిజంగానే అందరికీ సాయం చేసేవాడు. వినపడని పిల్ల కదా అని ఈమె ఫోన్‌కి రీచార్జ్ తనే వేయించేవాడు, ఆర్టీసీ బస్టాండు దాకా తోడు పోయి బస్సెక్కించేవాడు. ఏటీఎం కార్డు పోగొట్టుకుంటుందని తన దగ్గరే పెట్టుకున్నాడు. పిన్ నంబర్ కార్డు కవర్ మీద పెన్నుతో రాసి ఉండేది. ఒకటో తారీఖు ఊరికి పోయి తీసుకొచ్చిన పెన్షన్ 6,000 తన ఖాతాలో వేసుకునేది పాపం. ఇదంతా మా కళ్ళ ముందే జరిగింది. ఎవరం తప్పు పట్టలేదు. "సొంత అన్న లెక్క చూసుకుంటాడు" అని మెచ్చుకున్నాం.

ఇప్పుడు నా తప్పు. ఏదో తేడాగా ఉందని ఒక ఆదివారం వాళ్ళమ్మని పిలిపించాను. ఆఫీసు గదిలో నేను, తల్లి, పిల్ల. తల్లి ఇంటి సైగలతో అడిగింది, బాగున్నావా, ఎవరన్నా ఏమన్నా అన్నారా అని. అదే సమయానికి టీ గ్లాసులు పట్టుకుని లోపలికొచ్చింది ఎవరనుకున్నారు? ఆ యప్పే. "ఏం లేదు మేడమ్, పాపకి ఇంటి మీద బెంగ" అన్నాడు. పిల్ల అందరికీ తల ఊపింది. రిజిస్టర్లో "సమస్య ఏమీ లేదు" అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. చింపేయాలని చాలాసార్లు అనిపించింది, చింపలేదు.

ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. ఓటు వేసిన మనిషి. ఆమెని అడగాల్సిన మాట వాళ్ళమ్మని అడిగాను. వినపడని మనిషితో ఇంట్లోవాళ్ళు మాట్లాడే సైగలు అన్నానికి, నీళ్ళకి, బజారుకి సరిపోతాయి. భయాన్ని చెప్పుకోవడానికి చాలవు. పైగా తల్లికి చెప్పుకోలేని విషయాన్ని తల్లినే మధ్యలో కూర్చోబెట్టి చెప్పమంటే ఎవరు చెప్తారు?

అసలు సంగతి బయటపెట్టింది పక్క మిషన్ పిల్ల, ఆ పాత సూది ఇచ్చిన పాప. "మేడమ్, ఆ అక్క స్టోర్‌కి పోదు. నన్ను పొమ్మంటుంది. నాకూ పోబుద్ధి కాదు" అంది. "యాలమ్మా?" అంటే నేల చూసింది.

టౌన్లో వినికిడి లేని పిల్లలకి చదువు చెప్పే ఒక టీచరమ్మని బతిమాలి పిలిపించాను. ఈసారి సెంటర్లో కాదు, మా ఇంట్లో. టీ నేనే పెట్టాను. ఈ పిల్ల బడిలో చదివేటప్పుడు ఇండియన్ సైన్ లాంగ్వేజ్ నేర్చుకుంది. మూడు నెలలుగా ఆ భాషలో మాట్లాడే మనిషి ఒక్కరు లేరు మా దగ్గర. టీచరమ్మ చేతులు కదలగానే ఆ పిల్ల మొహం చూడాలి. పది నిమిషాలు బడి ముచ్చట్లే చెప్పుకున్నారు. నాకు టెన్షన్, అసలు విషయం అడగరేంటని. టీచరమ్మ తొందరపడలేదు. "వాడు ఇట్లా చేశాడా, అట్లా చేశాడా" అని మనమే మాటలు అందించకూడదంట. "స్టోర్ గది గురించి చెప్పు" అని మాత్రం అడిగింది. తర్వాత చేతులు చాలాసేపు కదిలాయి. మధ్యలో ఒకసారి ఆ పిల్ల లేచి నిలబడి, గోడ వైపు తిరిగి, చెయ్యి పైకెత్తి అల్మారా పై అరలోంచి ఏదో అందుకున్నట్టు చూపించి, అట్లాగే ఆగిపోయింది. నాకు సైగల భాష రాదు. అయినా అర్థమైంది. మిగతాది ఆమెది, ఇక్కడ రాయను.

కాగితం పెన్ను ఇచ్చి నీ మాటల్లో రాయమంటే నాలుగు మాటలు రాసింది. "స్టోర్. సూది. తలుపు. వద్దు."

ఫిర్యాదు అంటే పేజీలు పేజీలు ఇంగ్లీషులో రాయాలనుకునేదాన్ని నేను. రాయలేని మనిషికి రాసిపెట్టాల్సిన బాధ్యత కమిటీదే అని మాకు చెప్పింది ఒక లాయరమ్మ. కమిటీలో బయటి నుంచి ఒకరు ఉండాలనే రూలు ఉంది కదా, మా కాగితంలో ఐదో పేరు ఆమెది. ఆమెకి కూడా మావాళ్ళు చెప్పకుండానే పేరు రాశారు! ఫోన్ చేస్తే మొదట నన్ను తిట్టింది, తర్వాత సాయంత్రానికల్లా టవర్ క్లాక్ దగ్గర నుంచి ఆటోలో వచ్చేసింది. మొదట కమిటీ సరిచేయించింది. పెద్దగా ఉండాల్సింది పైస్థాయిలో పనిచేసే మహిళ. సభ్యుల్లో సగం మందైనా ఆడవాళ్ళుండాలి. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే ప్రతిచోటా కమిటీ తప్పనిసరి, పెట్టకపోతే 50,000 దాకా జరిమానా. "మా దగ్గర ఉద్యోగులు తొమ్మిదిమందే" అని మేనేజర్ సార్ అన్నాడు. చట్టం లెక్కలో ట్రైనీ కూడా ఉద్యోగే, అప్రెంటిస్ కూడా, రోజుకూలీ కూడా అని ఆమె చెప్తే, సార్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

సార్ చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. ఆయన మొదట చెప్పిన మూడు మాటలూ భయంలోంచి వచ్చినవే. ఒకటి, పిల్లని కొన్నాళ్ళు ఇంటికి పంపిద్దాం. లాయరమ్మ ఒప్పుకోలేదు. సెలవు కావాలని ఆ పిల్ల రాసి అడిగితే మూడు నెలల దాకా ఇప్పించొచ్చు, అడగకుండా పంపించేస్తే అది శిక్ష. దూరంగా పెట్టాల్సింది ఆయన్ని. రెండు, ఆమె కార్డుతో ఆయన తీసుకున్న డబ్బులు తిరిగి ఇప్పించి రాజీ చేద్దాం. ఆమె తనంతట తాను అడిగితే తప్ప రాజీ మాట ఎత్తకూడదు, అడిగినా డబ్బు మీద రాజీ కుదర్చకూడదు. ఏటీఎంలోంచి పోయిన డబ్బు వేరే లెక్క, అది ఎట్లాగూ ఇవ్వాల్సిందే. మూడు, రుజువు లేకపోతే ఈ పిల్ల మీదే తిరిగి కేసవుతుంది కదా. ఈ మాట ఎంతమంది నోరు మూయించిందో! కావాలని అబద్ధం చెప్పిందని విచారణలో తేలితే చర్య ఉంటుంది గానీ, రుజువు చూపలేకపోవడమే అబద్ధం కాదని చట్టంలో స్పష్టంగా రాసి ఉంది.

ఫిర్యాదుకి గడువు మూడు నెలలు, కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. విచారణ తొంభై రోజుల్లో అయిపోవాలి. మాది ముప్పై ఎనిమిది రోజులు పట్టింది. ప్రతి విచారణకీ టీచరమ్మ వచ్చింది. ఆ పిల్ల చూపు ఆయన మీద పడకుండా కూర్చోబెట్టాం. పక్క మిషన్ పాప కూడా వచ్చి చెప్పింది, ఇంకో ఇద్దరు పాత బ్యాచ్ పిల్లలు ఫోన్లో చెప్పారు. ఆయన్ని తీసేశారు. డబ్బు తిరిగొచ్చింది.

పోలీసుల దగ్గరికి పోయామా లేదా అని చాలామంది అడిగారు. అది ఆమె ఇష్టం, చెప్పను. కానీ పోవాలనుకున్నవాళ్ళకి ఒక సంగతి తెలియాలి. ఇట్లాంటి నేరానికి గురైన మహిళకి శారీరకంగానో మానసికంగానో వైకల్యం ఉంటే, ఆమె స్టేషన్‌కి పోవాల్సిన పనిలేదు. పోలీసులే ఆమె ఇంటికి గానీ, ఆమె చెప్పిన చోటికి గానీ వచ్చి, సైగల భాష తెలిసినవాళ్ళనో స్పెషల్ టీచర్‌నో పక్కన పెట్టుకుని, వీడియో తీస్తూ మాట రాసుకోవాలి. రాసుకునేది మహిళా అధికారి. 2024 జులై నుంచి కొత్త చట్టాలు వచ్చాక కూడా ఈ రూలు ఉంది. ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, మా పరిధి కాదనడానికి లేదు. లాయర్‌కి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేయొచ్చు. మహిళలకీ దివ్యాంగులకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం ఉంటుంది.

పద్దెనిమిది నిండనివాళ్ళ సంగతి మాత్రం పూర్తిగా వేరు. మా బ్యాచుల్లో పదిహేడేళ్ళ పిల్లలుంటారు. వాళ్ళ విషయంలో "నీ ఇష్టం తల్లీ" అనడానికి లేదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా జైలు. ఇది మా స్టాఫ్ మీటింగ్‌లో చెప్పినప్పుడు గదిలో ఒక్కరూ దగ్గలేదు.

మగపిల్లల గురించి కూడా. ఎలక్ట్రీషియన్ బ్యాచ్‌లో పంతొమ్మిదేళ్ళ కుర్రాడితో ఒక సార్ తన ఇంటి పనులు చేయించుకునేవాడు. నీళ్ళ ట్యాంకు కడగడం, పిల్లల్ని బడికి దింపడం. పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ ఆఫీసులో ఉంది కదా, ఆ పిల్లోడు కాదనలేకపోయాడు. 2013 చట్టం ఆడవాళ్ళకే. కాబట్టి మగపిల్లల కోసం మేమే రాసుకున్నాం రూలు. ఒరిజినల్ ఏదీ సెంటర్లో ఉండకూడదు, చూసి జిరాక్స్ తీసుకుని అప్పటికప్పుడే చేతికిచ్చేయాలి. ఆధార్ కార్డూ, ఏటీఎం కార్డూ అంతే. ఎంత మంచోడైనా సరే.

బలహీనులు అంటుంటారు. ఈ పిల్ల బలహీనురాలు కాదు. నెలకి ముప్పై చుడీదార్లు కుట్టగలదు. సూది కోసం ఒకడి దగ్గరికి, డబ్బు కోసం అతని దగ్గరికే, బస్సు కోసం మళ్ళీ అతని దగ్గరికే పోవాల్సిన ఏర్పాటు చేసింది మేము. పైగా ఆమె మాట అర్థమయ్యే మనిషిని పెట్టలేదు. ఆ ఏర్పాటులో నన్ను పెట్టినా నేనూ అట్లాగే తల ఊపేదాన్ని.

ఇప్పుడు సూదుల డబ్బా నా టేబుల్ మీద ఉంటుంది, అందరి ముందు. విరిగిన ముక్కలు రిజిస్టర్లో టేపు వేసి అంటిస్తున్నాం. స్టోర్ తలుపు గడియ నేనే స్క్రూడ్రైవర్‌తో ఊడదీశాను. కమిటీ కాగితం బాత్రూమ్ తలుపుల లోపలి వైపు అంటించాం. ఒంటరిగా కూర్చుని, ఎవరూ చూడకుండా ఫోన్‌లో నంబర్ ఎక్కించుకోగలిగే చోటు అదొక్కటే కదా. అత్యవసరానికి 112, మహిళలకి 181, పిల్లలకి 1098. కింద నా నంబర్, వాట్సాప్ వీడియో చేయొచ్చని బొమ్మ వేసి పెట్టాం. బ్యానర్ కట్టి, ఫొటో దిగి, బిస్కెట్ ప్యాకెట్లు పంచే అవగాహన సదస్సులు నాకు నచ్చవు. ఒకటి చేశారు, నేనూ ఫొటోలో ఉన్నాను. ఆ రోజు ఏ పిల్లా నోరు విప్పలేదు. బాత్రూమ్ కాగితం పెట్టిన మొదటి నెలలో ఇద్దరు ఫోన్ చేశారు. ఒకటి హాస్టల్లో అన్నం ఉడకడం లేదని. చేయనీ. ఆ నంబర్ పనిచేస్తుందని తెలిసింది కదా.

బ్యాచ్ అయిపోయి వెళ్ళేరోజు కూర్చోబెట్టి ఇంకొన్ని చెప్తాను. సప్తగిరి సర్కిల్ దగ్గరి చిన్న షాపుల్లో ముగ్గురో నలుగురో కుడుతుంటారు, అక్కడ కమిటీ ఉండదు. పదిమందికి తక్కువున్న చోటువాళ్ళకీ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళకీ జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. బెంగళూరు వైపు ఫ్యాక్టరీకి పోయేవాళ్ళకి, కంపెనీ పంపే బస్సు కూడా పనిచేసే చోటే అని చెప్తాను. "బస్సు కూడానా మేడమ్?" అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. ఆ అడిగేవాళ్ళ మొహాలు గుర్తుపెట్టుకుంటాను.

ఆ పిల్ల ఇప్పుడు టౌన్లోనే కుడుతోంది. టీచరమ్మ దగ్గర ఆదివారాలు నేనూ సైగలు నేర్చుకుంటున్నాను. వేళ్ళు తిరగవు. సూది అనే సైగ తప్ప అన్నీ తప్పులే అని నవ్వుతుంది.

పోయిన నెల ఒక ఫోనొచ్చింది. వేరే జిల్లాలో ఏదో ట్రైనింగ్ సెంటర్ నుంచి, చిన్నమ్మాయి గొంతు. ఆ యప్ప అక్కడ ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకున్నాడంట, స్టోర్ ఇంచార్జ్‌గా. మా సెంటర్లో పనిచేసినట్టు రాశాడంట, ఎట్లాంటివాడు మేడమ్ అని అడిగింది. విచారణలో ఏముందో నేను చెప్పకూడదు. ఏమీ చెప్పకుండా ఫోన్ పెట్టేయడానికి చేతులు రాలేదు.

"మేమే ఆయన్ని తీసేశామమ్మా. మళ్ళీ పెట్టుకోం" అన్నాను.

"ఎందుకు మేడమ్?"

"మీ దగ్గర ఆడపిల్లల బ్యాచ్ ఉందా?"

"ఉంది మేడమ్. టైలరింగ్."

"మీ స్టోర్ తలుపుకి లోపల గడియ ఉందా?"

అవతల కాసేపు మాట లేదు. "ఒక్క నిమిషం మేడమ్, చూసొస్తాను, లైన్లోనే ఉండండి" అంది. చెప్పుల చప్పుడు, మిషన్ల మధ్య నుంచి దూరంగా పోతూ, వినపడింది.